చెప్పిన బరువు

జంగ్లీఘాట్,
జనవరి 9.

హిమా,

మొన్న మధ్యాహ్నం నువ్వు హెలికాప్టర్ దింపినప్పుడు, తిరిగే రెక్కల కింద వంగి లోడ్ షీటు పట్టుకుని పరిగెత్తుకొచ్చిన మనిషిని నేనే. నువ్వు పక్క కిటికీ తీశావు. ప్రయాణికుల బరువులు, సామాను బరువు ఒకసారి చూసి సంతకం పెట్టి వెనక్కిచ్చావు. నల్లకళ్ళద్దాలు తియ్యలేదు. పదిహేనేళ్ళు ఒకే కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడిన మేనమామ కూతుర్ని అలా చూస్తారని నాకు తెలీదు. ఇంజను ఆపకూడదు, మాట్లాడే వీలుండదు, అంతా తెలుసు. పదకొండేళ్ళుగా ఆ హెలికాప్టర్ టికెట్ కౌంటర్లో కాంట్రాక్టు మీద పడి ఉన్నదాన్ని, నాకు నేర్పకు.

ఫోన్ చెయ్యక ఉత్తరం ఎందుకంటావేమో. నీతో వాదన మొదలవగానే నువ్వుండే హట్ బేలో నెట్‌వర్క్ పోతుంది. ఎప్పుడూ నీకు జవాబు దొరకని చోటే పోతుంది. కాగితానికి ఆ జబ్బు లేదు. పైగా టపా సంచీ నీ హెలికాప్టర్లోనే వస్తుంది కనుక నా తిట్లు నువ్వే మోసుకుపోతావు.

పేపర్లో నీ ఫోటో చూశాను. ‘ద్వీపాల ఆకాశపుత్రిక’ అట. జంగ్లీఘాట్ చేపలరేవు పిల్ల పెద్ద విమానాల ఉద్యోగాన్ని కాదని జనం కోసం చిన్న హెలికాప్టర్ నడుపుతోందట. రాసినవాడికి కళ్ళలో నీళ్ళు తిరిగినట్టున్నాయి. ఒక్క ఆడదాన్ని పైన ఎగరేసి ఫోటో తీస్తే, కింద నలభైమంది ఆడవాళ్ళని పదకొండు నెలలకోసారి తీసేసి మళ్ళీ పెట్టుకోవచ్చు. అడిగేవాడుండడు. ఆ ఫోటోలో నీ భుజం పక్కన ఫ్రేము అంచుకి తెగిపోయిన చెయ్యి ఒకటుంది, చూడు. షీటు పట్టుకున్న చెయ్యి. నాదే.

మా నాన్న ఆ ఫోటో కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. పాలు తీసినప్పుడల్లా నీ మొహం చూస్తున్నాను.

మా ఊరి పేరు మార్చారు గానీ కౌంటర్లో ప్రయాణికుల్ని తూచే కాటా మార్చలేదు. పళ్ళెమంత ముల్లు డయలు, మొహం క్యూ వైపు. అదివరకు ఆడది ఎక్కితే చాలు, మా సీనియర్ గుమాస్తా సూరయ్య గొంతెత్తేవాడు: “గవరమ్మ దీదీ, ఎనభై నాలుగు. పైలట్ సాబ్‌ని రెండు సీట్లు అడగండి.” క్యూ అంతా నవ్వు. నిరుడు నాలుగు రోజులు ధర్నా చేశాం. మేం అడిగింది ఒక తెర. వాళ్ళిచ్చింది నోటిమాట: “ఆడవాళ్ళు చెప్పిన బరువు రాసుకోండి, గొడవ వదిలిపోతుంది.” అదైనా గెలుపే. ఈ దీవుల్లో ఆడదాని మాటని కొలత లేకుండా ఒప్పుకున్న ఆఫీసు అదొక్కటే. ఆ వార్త పేపర్లో నాలుగు లైన్లు వచ్చింది, ఫోటో లేకుండా. దాన్ని ఎవరూ ఏ తలుపుకీ అంటించలేదు.

కళ్యాణి

*

హట్ బే,
జనవరి 21.

వదినా,

తిట్లు అందాయి. తూచి చూశాను, ఇరవై గ్రాములే. నువ్వు తగ్గిపోతున్నావు.

నల్లకళ్ళద్దాల సంగతి. ఆ మధ్యాహ్నం నా వెనక సీట్లలో నీళ్ళు నిండిన కళ్ళతో ఒక తండ్రి, అతని ఒళ్ళో జ్వరంతో కాలిపోతున్న పాప. దార్లో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. నేను కళ్ళద్దాలు తీస్తే ఏం కనిపించేదో నీకు తెలీదు. పాప బాగుంది, ఇంటికెళ్ళింది. ఇది పేపర్లో రాలేదు.

‘పెద్ద ఉద్యోగాన్ని కాదని’ అన్నది అబద్ధం. నేనెవర్నీ కాదనలేదు, వాళ్ళే నన్ను కాదన్నారు. లైసెన్సు వచ్చిన కొత్తలో నలుగురు మగవాళ్ళ మధ్య నన్ను కూర్చోబెట్టి, పెళ్ళయితే ఏం చేస్తావని అడిగారు. తర్వాత నేను చెయ్యని పని లేదు. పొగాకు చేల మీద మందు చల్లాను. దిగాక వారం రోజులు అన్నం ఆ వాసనే వేసేది. కొండ మీద గుడికి ముసలివాళ్ళని రోజుకి ఇరవైసార్లు ఎక్కించి దించాను. హైటెన్షన్ తీగెల పక్కన నిలబెట్టి, మనిషి తలుపులో కూర్చుని తీగె కడుగుతుంటే కదలకుండా పట్టుకున్నాను. ఎన్నికలప్పుడు నలుగురు ఓటర్లున్న దీవికి యంత్రాన్నీ పోలీసునీ మోశాను. వీటికి యూనిఫారం లేదు, టోపీ లేదు, ఎయిర్‌హోస్టెస్ టీ ఇవ్వదు.

ఇప్పుడు పేషెంట్లు లేని రోజుల్లో పానీ సువర్లని లెక్కపెడుతున్నాం. సముద్రగడ్డి మేసే ఆ పెద్ద జంతువులే, గోడల మీద మన రాష్ట్ర జంతువని బొమ్మ వేస్తారు. అరటిపండు మీద గాట్లు పెట్టినట్టు నీళ్ళ మీద అటూ ఇటూ తిన్నగా ఎగరాలి, ఒకటే ఎత్తు, ఒకటే వేగం. వెనక ఇద్దరు సైంటిస్టులు కిటికీలకి అతుక్కుని ఉంటారు. నేను చూసినా చెప్పకూడదు. పైలట్ చూసినవి లెక్కలోకి రావు, అది పద్ధతి. మొన్న తల్లీ పిల్లా నా కాళ్ళ కిందే తేలాయి, వాళ్ళు అటు చూస్తున్నారు. నోరు మూసుకున్నాను. నువ్వయితే అక్కడే యూనియన్ పెట్టేదానివి.

నిజం చెప్పనా, నాకు నీమీద కుళ్ళు. నువ్వు మైకు పట్టుకుంటే నలభైమంది కూర్చుంటారు. నాకు ఈ ఊళ్ళో మాట్లాడేందుకు గెస్ట్‌హౌస్ వంటమనిషి తాతబ్బాయి ఒక్కడే. అతనూ నన్ను “సార్” అంటాడు.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకు. నీ ధర్నా న్యాయమే. కానీ హెలికాప్టర్‌కి న్యాయం తెలీదు. మనిషి ఎంత బరువని చెప్పినా అది ఉన్న బరువునే మోస్తుంది. ఏడాదిగా నీ షీటు నన్నొక్కసారీ మోసం చెయ్యలేదు, అదెలాగో నాకర్థం కాదు. అయినా కాటాకి తెర అడుగు. కాటా వద్దనకు.

హిమబిందు

*

జంగ్లీఘాట్,
ఫిబ్రవరి 2.

హిమబిందూ,

తెర అడుగు అని నాకు చెప్తున్నావా. తెర అడిగి నాలుగు రోజులు ఎండలో కూర్చున్నది నేను. నువ్వా నాలుగు రోజులూ మా పక్కనుంచే మూడుసార్లు ఎగిరావు. నీ గాలికి మా బేనరు చిరిగింది.

‘హెలికాప్టర్‌కి న్యాయం తెలీదు.’ బాగుంది. యంత్రానికి న్యాయం తెలీదు, సముద్రానికి తెలీదు, మార్కెట్టుకి తెలీదు. అలా చెప్పే మనిషి ఎప్పుడూ యంత్రం లోపల సీట్లోనే ఉంటాడు. అదే నాకు వింత. కింద నిలబడి, నవ్వే క్యూ ముందు కాటా ఎక్కే మనిషి నోట ఆ మాట నేనింతవరకూ వినలేదు.

నీ లోపలి సీటు ఎలా వచ్చిందో మర్చిపోయావేమో, గుర్తు చేస్తాను. ఎన్‌సీసీలో గ్లైడర్ శిక్షణకి మెయిన్‌లాండ్ వెళ్ళడానికి ఒక్క సీటు. పరీక్షలో నాకు మొదటి స్థానం, నీకు రెండు. పెద్దవాళ్ళ సంతకం కావాలి. మా నాన్న నా ఫారం పక్కన పెట్టి నీ ఫారం మీద సంతకం పెట్టాడు. అడిగితే ఏమన్నాడు? “హిమకి తండ్రి లేడు, అదేదైనా చేసుకుని బతకాలి. నీకు నేనున్నాను కదా.” నాకు ఆయనున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఉన్నాడు, ఫ్రిజ్ తలుపు తీస్తూ మూస్తూ.

నువ్వు మందు చల్లావు, తీగెలు కడిగావు, నిజమే, కష్టమే. నీ కష్టాల జాబితా చదువుతుంటే ఒక్కొక్క దాని దగ్గరా ఆగి, అది నేను చేసుంటే ఎలా ఉండేదో అనుకున్నాను. పొగాకు మందు వాసన దగ్గర కూడా ఆగాను. నీ కుళ్ళు సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో తోచకపోవడం. నాది ఒక జీవితమంత ఉంది. రెండింటినీ ఒక గాటన కట్టకు.

ఇంకోటి. గాలి లేదని పోయిన వారం హట్ బే ట్రిప్పు రెండుసార్లు ఆపావు కదా. కౌంటర్లో సూరయ్య ఏమన్నాడో చెప్పమంటావా? “మేడమ్ డ్యూటీ అయితే మీరు షిప్ టికెట్ కూడా కొని ఉంచుకోండి భయ్యా.” నేను నీ తరఫున వాడితో గొంతు పోయేదాకా అరిచాను. ఎన్నాళ్ళు అరవమంటావు? ఆడ పైలట్ వెనక్కి తిరుగుతుందనే మాటకి జవాబు నేను కౌంటర్లో చెప్పలేను. నువ్వే పైన చెప్పాలి.

కళ్యాణి

*

హట్ బే,
ఫిబ్రవరి 19.

వదినా,

నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా నా చేత్తో రాయాలి.

పదిహేడో తారీకు, నువ్వు షీటు తెచ్చిచ్చిన ట్రిప్పే. ఆరుగురు ప్రయాణికులు. హట్ బేలో కొట్టు నడిపే వీరన్న, ఆయన భార్య కాశమ్మ, వాళ్ళ కోడళ్ళిద్దరు, గవరమ్మ, ఆవిడ చెల్లెలు. సిప్పీఘాట్‌లో పెళ్ళి చూసుకుని వస్తున్నారు. ఎండ మండుతోంది, ఆకు కదలడం లేదు. ఇక్కడ హెలిపాడ్ చుట్టూ కొబ్బరిచెట్లని నీకు తెలుసు. వాటిని దాటి నెమ్మదిగా దించాలి. గాలి ఉంటే అది కూడా కొంత మోస్తుంది. లేకపోతే మొత్తం ఇంజనే మొయ్యాలి. చెట్లు దాటాక ఇంజను ఇవ్వగలిగిందంతా ఇచ్చింది, చాలలేదు. రెండు నిలువుల ఎత్తునుంచి దిగబడిపోయాం. హెలికాప్టర్ కింది కాళ్ళు వంగిపోయాయి.

అయిదుగురికి దెబ్బల్లేవు. కాశమ్మకి వెన్నెముక చిట్లింది. షిప్పులో పడుకోబెట్టి మీ ఊరు పెద్దాసుపత్రికి పంపారు. నేను నడిపితే నలభై నిమిషాలు. షిప్పులో ఎనిమిది గంటలు. ఆ ఎనిమిది గంటలూ ఇక్కడ జెట్టీ మీద కూర్చున్నాను.

విచారణ వేశారు. నన్ను ఎగరొద్దన్నారు. కంపెనీ మనిషి ఫోన్ చేసి, గ్రౌండ్ స్టాఫ్‌తో మాట్లాడొద్దన్నాడు. అంటే నీతో. అందుకే ఇది టపాలో వెయ్యకుండా షిప్పులో వచ్చే మనిషి చేతికిస్తున్నాను.

షీటులో బరువుల ప్రకారం ఇంకా యాభై అరవై కిలోల వెసులుబాటు ఉంది. షీటు సరైనదైతే తప్పు నా చేతులది. ఒక్క ముక్క రాయి వదినా. ఆ రోజు బరువులు సరిగ్గానే ఉన్నాయా?

హిమ

*

జంగ్లీఘాట్,
ఫిబ్రవరి 26.

హిమబిందుకి,

నీ ఉత్తరం అందింది. దెబ్బలు తగలకుండా బయటపడినందుకు సంతోషం.

ఇందులో అసలు దోషి ఎవరో స్పష్టంగా చెప్పాల్సిన సమయం ఇది. ఆరుగురికి సరిపోయే యంత్రాన్ని వందల కిలోమీటర్ల పొడవున ఉన్న దీవులకి రవాణాగా పెట్టినవాళ్ళెవరు? షిప్పులు రిపేర్లలో పెట్టి జనాన్ని హెలికాప్టర్ క్యూలో నిలబెట్టినవాళ్ళెవరు? హట్ బే పాడ్ చుట్టూ చెట్లు కొట్టమని మీవాళ్ళు, పాడ్‌నే జరపమని పంచాయతీ, రెండేళ్ళుగా కాగితాలు తిప్పుకుంటున్నారు. కాశమ్మ వెన్నెముక విరిగింది ఆ కాగితాల మధ్య. దీన్ని ఒక పైలట్ చేతుల మీదికో ఒక గుమాస్తా పెన్ను మీదికో నెట్టేయడం వాళ్ళకి అలవాటు. ఆ వలలో మనం పడకూడదు. దీనిమీద యూనియన్ తరఫున కరపత్రం వేస్తున్నాం.

షీటు విషయం: మామూలు పద్ధతిలోనే, ఆడవాళ్ళు చెప్పిన బరువులే రాశాను. షీటులో ఏముందో అదే.

నాన్న నిన్ను అడిగాడని చెప్పమన్నాడు.

కళ్యాణి

*

చౌల్దారీ,
మార్చి 14.

వదినా,

కరపత్రం చూశాను. బస్సులో ఎవరో ఇచ్చారు. రెండు పేజీల్లో కాశమ్మ పేరు ఏడుసార్లు ఉంది. నేను అడిగిన ప్రశ్నకి జవాబు నీ ఉత్తరంలో ఒక్కసారి ఉంది, అదీ ఇంకెవరో రాసినట్టుంది.

హట్ బే వదిలి ఇక్కడ, మీ ఊరికి బస్సుదూరంలో, ఒక గది తీసుకున్నాను. చుట్టూ వక్కతోటలు. నా బదులు ఇరవై ఏడేళ్ళ కుర్రాణ్ణి తెచ్చారు. రోజూ పదిన్నరకి నా గది మీదనుంచే పోతాడు. మలుపు కొంచెం తొందరగా తిప్పుతాడు. బాగానే నడుపుతాడు. బాగా నడపకపోతే బాగుండునని రోజూ పదిన్నరకి అనుకుంటున్నాను. నువ్వు ముప్పై ఏళ్ళు కింద నిలబడి ఏం చూశావో ఇప్పుడు తెలుస్తోంది. ఇంత చేదుగా ఉంటుందని నువ్వెప్పుడూ సరిగ్గా చెప్పలేదు, వెటకారం కలిపి చెప్పేదానివి.

ఏప్రిల్ రెండున విచారణ. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో అయిపోతుంది. పైలట్ తప్పిదమని రాస్తే నలభై ఏడేళ్ళ దాన్ని ఇంకెవరూ తీసుకోరు, మందు చల్లడానికైనా. నీకిది తెలియాలని రాస్తున్నాను. మళ్ళీ అడగను.

హిమబిందు

*

జంగ్లీఘాట్,
మార్చి 25.

హిమా,

ఈ ఉత్తరం అయిదుసార్లు మొదలుపెట్టాను. నాలుగుసార్లు ప్రభుత్వం దగ్గర మొదలైంది. ఈసారి నా దగ్గర మొదలుపెడతాను.

ఏడాదిగా నా షీటు నిన్ను మోసం చెయ్యలేదు, ఎలాగో అర్థం కావడం లేదన్నావు. ఇలాగ. ఆడవాళ్ళు బరువు చెప్తారు. ఆస్పత్రి కార్డు మీద ఎప్పుడో రాసిందో, పెళ్ళికి ముందుదో, నోటికొచ్చిందో. నేను తల ఊపి, మనిషిని ఒకసారి చూసి, దానికి పదో పదిహేనో కలిపి రాసేదాన్ని. అందాజ్‌గా. కన్ను ఎంత అలవాటు పడిందంటే, రెండుసార్లు రహస్యంగా కాటాతో సరిచూసుకుంటే రెండు కిలోలు తేడా రాలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? ఆడదాని మాట నమ్మండని ఎండలో కూర్చున్నది నేను. ఆ మాట మీద పది కిలోలు వేసుకున్నదీ నేనే. సూరయ్యకి తెలిస్తే కౌంటర్ మీద బోర్డు రాయించి పెడతాడు.

పదిహేడో తారీకు పొద్దున నాన్న నాకొక పొట్లం ఇచ్చాడు. ఎండు నెత్తళ్ళు, వేయించి, వెల్లుల్లి వేసి. ఎనభై దాటినవాడు పొయ్యి దగ్గర నిలబడి తనే వేయించాడు. “హిమకి ఇవ్వు. అక్కడ ఏం తింటోందో. దానికి రోజంతా ప్రాణాల మీద పని.” నేను టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాను. నేనేం తింటున్నానో పదకొండేళ్ళలో ఒక్కసారి అడగలేదు. పొట్లం జంగ్లీఘాట్ రేవులో కుక్కలకి వేశాను. వేసి డ్యూటీకొచ్చాను.

కాశమ్మ వచ్చి, “యాభై ఎనిమిది రాయమ్మా” అంది. మనిషి ఎనభైకి తక్కువ లేదు. యాభై ఎనిమిదే రాశాను. కోడళ్ళు చెప్పింది చెప్పినట్టే రాశాను. గవరమ్మని అదివరకు సూరయ్య అరిచి చదివిన ఎనభై నాలుగు నాకు తెలుసు. ఆవిడ డెబ్బై అంది, డెబ్బై రాశాను. ఏమీ కలపలేదు. మొత్తం మీద డెబ్బై కిలోలకి పైమాటే. షీటులో లేని ఏడో మనిషిని నీ వెనక ఎక్కించాను.

నీకు చెడు జరగాలని అనుకోలేదు. అలా అనుకుంటే ఇంత సిగ్గుండేది కాదేమో, పోట్లాటగా ఉండేది. ఏమనుకున్నానంటే, ఈ రోజు దీనికి కొంచెం బరువు తెలియాలి. సీట్లో కూర్చుని చెమట పట్టాలి, ఒక్కసారి వెనక్కి దింపాలి, కళ్ళద్దాలు తీసి నావైపు చూడాలి. అంతే అనుకున్నాను. అంత చిన్నదానికి ఒక మనిషి వెన్నెముక.

రెండో తారీకు నేను చెప్తాను. రాసి పెట్టుకున్నాను. చెప్తే నా ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. మర్నాటినుంచి ఆడవాళ్ళు మళ్ళీ క్యూ ముందు కాటా ఎక్కాలి. ‘ఆడవాళ్ళ హక్కులు హెలికాప్టర్ని కూల్చాయి’ అంటారు. అది అబద్ధం. హక్కు కూల్చలేదు. తెర బదులు నోటిమాట ఇచ్చిన ఆఫీసు సగం, నా కుళ్ళు సగం. కానీ సూరయ్యకి ఆ తేడా ఎవరు చెప్తారు? ఈ నెల రోజులూ నన్ను ఆపింది ఉద్యమం అనుకున్నాను. కాదు, భయం. ఉద్యమాన్ని అడ్డం పెట్టుకున్నాను.

కళ్యాణి

*

చౌల్దారీ,
మార్చి 29.

వదినా,

నీ ఉత్తరం చదివి, మడిచి, బయటికొచ్చి వక్కతోట చుట్టూ రెండుసార్లు తిరిగాను. నిన్ను కొట్టాలనుంది. నెత్తళ్ళు కుక్కలకి వేసినందుకు ఎక్కువ కోపమొచ్చింది, ఎందుకో.

ఇప్పుడు నాది విను.

హెలికాప్టర్ లేవగానే ముందుకు పోదు. నిలువెత్తున గాల్లో ఆగుతుంది. ఆ క్షణంలో ఇంజను ఎంత తీసుకుంటోందో చూసుకోవాలి. షీటు బరువుకి ఇంత అని మాకు లెక్క ఉంటుంది. ఆ రోజు ఇంజను డయలు ముల్లు ఆ లెక్క దాటి చాలా పైన ఆగింది. చూశాను. పదహారేళ్ళుగా చూస్తున్నదాన్ని, ఒక మనిషి ఎక్కువున్నాడని తెలీకపోదు. దించాలి. ఒకర్ని దింపి, మళ్ళీ తూచమనాలి. ఏ కొత్తపిల్లకైనా నేర్పే మొదటి పాఠమది.

దించితే ఏమవుతుంది? కిటికీ తీసి నీకు షీటు వెనక్కివ్వాలి. సూరయ్య కౌంటర్లోంచి చూస్తుంటాడు. ‘మేడమ్ మళ్ళీ వెనక్కి.’ నీ ఫిబ్రవరి రెండు ఉత్తరం అప్పటికి నా బేగులోనే ఉంది. ఆడ పైలట్ వెనక్కి తిరుగుతుందనే మాటకి పైనుంచి జవాబు చెప్పమన్నావు. సరే, చెప్పాను.

నిన్ను తప్పుపట్టడానికి కాదు ఇది. నువ్వు రాసింది ఉత్తరం. లివరు మీద చెయ్యి నాది. నీకు ఎదురుగా తగ్గడం నాకిష్టం లేదు. మామయ్య సంతకం పెట్టిన రోజునుంచీ, ఆ సీటు నీకంటే నాకే తగిందని ప్రతి రోజూ ఎవరికో రుజువు చేస్తున్నాను.

ఇప్పుడొక సిగ్గులేని మాట. నువ్వు రెండున నీ డెబ్బై కిలోల సంగతి చెప్తే, నేను బయటపడిపోతాను. షీటు తప్పు, పైలట్ ఒప్పు. ముల్లు సంగతి ఎవరికీ తెలీదు, ఆ చిన్న హెలికాప్టర్లో అది రికార్డు కాదు. నాకూ నీకూ తప్ప. నన్ను మూడో తారీకు పిలిచారు. నువ్వు ముల్లు గురించి మాట్లాడకపోతే నేను మళ్ళీ ఎగురుతాను వదినా. అడుగుతున్నాను.

హిమ

*

జంగ్లీఘాట్,
ఏప్రిల్ 2, సాయంత్రం.

హిమా,

చెప్పి వచ్చాను. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన అడిగాడు: “అంటే మీరు రాసిన బరువులు తప్పని మీకు రాసేటప్పుడే తెలుసు?” తెలుసన్నాను. “ఎందుకు కలపలేదు?” పైలట్ మీద అసూయ అన్నాను. టైపు కొట్టే అమ్మాయి ఆగి నావైపు చూసింది. ఆయన, “ఆ కారణం రాయక్కర్లేదు, నిర్లక్ష్యం అని రాద్దాం” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇరవై నిమిషాలు వాదించాను. నిర్లక్ష్యం నాది కాదు, నేను చాలా శ్రద్ధగా చేశాను. చివరికి ‘వ్యక్తిగత కారణం’ అని రాశారు.

వాదన అక్కడితో ఆపలేదు. తెర అడిగిన మా అర్జీ, దానిమీద ఆఫీసు రాసిన ‘అవసరం లేదు’, తారీకుతో సహా నకలు ఇచ్చాను. కాటా ఉండాలి, తెర ఉండాలి, చదివేది ఆడమనిషి అయ్యుండాలి అని వాంగ్మూలంలోనే రాయించాను. ఉంచుతారో చించుతారో వాళ్ళిష్టం. బయటికొస్తే సూరయ్య, “అరే కళ్యాణీ, ఇన్నాళ్ళూ మాకు చెప్పకుండా నువ్వే తూస్తున్నావన్నమాట” అన్నాడు. నవ్వలేదు వాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది. రేపట్నించి రావొద్దని నాలుగింటికి కాగితం ఇచ్చారు.

ముల్లు సంగతి చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

నువ్వు అడిగావు కదా, దానికి జవాబు. నీ మార్చి ఇరవైతొమ్మిది ఉత్తరం ఇందులోనే పెట్టి వెనక్కి పంపుతున్నాను. నకలు తీసుకోలేదు. ముప్పై ఏళ్ళలో నిన్ను కిందికి లాగే తాడు నా చేతికి రావడం ఇదే మొదలు. మధ్యాహ్నమంతా దాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఎంత బాగుందో నీకు చెప్పలేను. అంత బాగుండబట్టే పంపేస్తున్నాను.

నా సగం నేను చెప్పాను. నీ సగాన్ని నేను చెప్తే అది నిజం కాదు, మళ్ళీ అసూయే అవుతుంది. నువ్వు దాస్తే కాశమ్మకి సగం జవాబే దక్కుతుంది. ఎవరు చెప్పినా ఆవిడకి నడుం తిరిగి రాదు, నిజమే. కానీ ఎందుకు విరిగిందో తెలియాలి. నన్ను ఒకదాన్నే దోషిగా తెలుసుకుంటే అది ఆవిడకి చేసే రెండో మోసం. ఇంతకంటే వాదించను. ఎగరాలనుకుంటే ఎగురు. నేను చూసి కుళ్ళుకుంటాను, అది మానలేదు, మానతానని నీకు మాట ఇవ్వను.

ఈ ఉత్తరం తెస్తున్నది ఆటో యర్రయ్య. రాత్రిలోపు నీకు అందుతుందన్నాడు.

కళ్యాణి

*

చౌల్దారీ,
ఏప్రిల్ 11.

వదినా,

యర్రయ్య పొద్దుపోకముందే తెచ్చిచ్చాడు. నీ ఉత్తరం ఒకసారి, నాది మూడుసార్లు చదువుకున్నాను. నాది చాలా తెలివిగా రాశాను.

మూడో తారీకు వెళ్ళాను. ఆ మధ్యలో ఉన్నాయన నవ్వుతూ, “కూర్చోండి కెప్టెన్, మీకు పెద్దగా అడిగేదేం లేదు” అన్నాడు. టీ కూడా చెప్పాడు. టీ వచ్చేదాకా నోరు మూసుకున్నాను. ఆ అయిదు నిమిషాలు లెక్కలో వేసుకో. తర్వాత ముల్లు సంగతి చెప్పాను. టీ అలాగే ఉండిపోయింది. లైసెన్సు వాళ్ళ దగ్గరే ఉంచేసుకున్నారు. ఏడాది అంటున్నారు, పూర్తిగా పోవచ్చు కూడా అంటున్నారు. కంపెనీ ఆ సాయంత్రమే నా మిగతా సామాను గెస్ట్‌హౌస్‌నుంచి పంపించేసింది.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళాను. కాశమ్మ మంచం మీద బల్లలాగా పడుకుని ఉంది. కర్రల సాయంతోనైనా నిలబడడానికి ఆర్నెల్లు పడుతుందట. వీరన్న నన్ను చూడగానే లేచి బయటికెళ్ళిపోయాడు. నేను చెప్పింది ఆవిడ అంతా విన్నది. ముల్లు, వెనక్కి దించకపోవడం, ఎందుకు దించలేదో. షీటు సంగతి ఆవిడకి అప్పటికే ఎవరో చెప్పారట. చివరికి ఆవిడ అన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను:

“ఆ కౌంటర్ పిల్ల ఏది? నిన్న గుమ్మం దాకా వచ్చి పోయిందట, నర్సు చెప్పింది. నువ్వొక్కదానివే వచ్చి మంచిదానివయిపోదామనుకున్నావా? ఒకరి మీద ఒకరికి మంటెక్కి మధ్యలో నా నడుం విరగ్గొట్టారు. క్షమించడం అదీ తర్వాత. ముందు ఇద్దరూ కలిసి రండి, నేను తిట్టాలి. ఒక్కొక్కర్నీ విడివిడిగా తిట్టే ఓపిక నాకు లేదు.”

బయట గుమ్మం దాకా వెళ్ళావని నాకు చెప్పలేదు. నాకంటే ఒకరోజు ముందు వెళ్ళావు. విచారణలోనూ నువ్వే ముందు. బస్సెక్కాక దానికే కుళ్ళుకున్నాను. నేను చెప్పింది నువ్వు చెప్పాక. నువ్వు చెప్పింది ఎవరూ చెప్పకముందు. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో తూచడానికి కాటా అక్కర్లేదు.

మంగళవారం చూడనిచ్చే వేళ నాలుగింటికి. నేను మూడున్నర బస్సుకి దిగుతాను. నువ్వు జంగ్లీఘాట్‌నుంచి నడిచొచ్చినా నాకంటే ముందే వస్తావు, నాకు తెలుసు. వచ్చి గేటు దగ్గరే ఉండు. లోపలికి వెళ్ళకు.

హిమ